అన్నకు మేం కలిపిన మూడేళ్లు

మొన్నామధ్య కాగజ్‌నగర్ నుంచి ఫుట్‌బాల్ సంఘం వాళ్లిద్దరు చెన్నూరులో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఒకాయన బ్యాంకులో పనిచేస్తాడు, ఇంకొకాయన కాలేజీలో లెక్కలు చెప్తాడు. మా అన్న రాజేశానికి సన్మానం చేస్తారట. ఆయన ఆడిన గ్రౌండులోనే పందిరి వేసి, శాలువా కప్పి, ఒక సంచిక కూడా అచ్చు వేస్తారట. నేను చెల్లెలిని, రిటైరైన పంతులమ్మను, పైగా నాలుగు పుస్తకాలు రాసినదాన్ని కనుక ఆ సంచికకు రెండు పేజీలు నేనే రాయాలట. శీర్షిక వాళ్లే ఖాయం చేసుకొచ్చారు: 'ముప్పైలో పూసిన పువ్వు'. దాంతోపాటు ఒక ఫారం చేతికిచ్చారు. పేరు, వయసు, ఆడిన టీములు, కింద ఆటగాడి సంతకం. "అందరు ఆట బందుపెట్టే వయసుల మీ అన్న మొదలుపెట్టిండు మేడం. గంత ఆలస్యం ఎందుకైందో మీరే రాయాలె" అన్నాడు లెక్కల సారు. వాళ్లకు చాయ్ ఇచ్చి, సకినాలు పెట్టి, నాలుగు మంచి మాటలు చెప్పి పంపించాను. ఎందుకు ఆలస్యమైందో నాకంటే బాగా తెలిసినవాళ్లు ఇప్పుడెవరూ మిగల్లేదనుకున్నాను. అది సన్మాన సంచికలో రాసే సంగతి కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

మాది లక్సెట్టిపేట దగ్గర ఒక పల్లె. తెలంగాణ గొడవల్లో బళ్లు మూతబడిన ఏడాది అన్న నాలుగో తరగతిలో ఉన్నాడు. ఆ ఏడాది పోయాక బడి అందరికీ మళ్లీ తెరుచుకుంది గాని, మా అన్నకు తెరుచుకోలేదు. అప్పటికే మిల్లులో పనికి కుదిరిన బాపు మమ్మల్ని కాగజ్‌నగర్ తీసుకొచ్చి రెండు గదుల కోటర్‌లో దించాడు. వెదురు ఉడికిన వాసన, గంధకపు వాసన కలిసి ఊరంతా కమ్ముకుని ఉండేది. మొదటి వారం నేను అన్నం తినలేకపోయాను. తర్వాత ఆ వాసన లేనిచోట ఆకలి కాకుండా అయిపోయింది. అన్నకంటే నేను నాలుగేళ్లు చిన్న. బడి కోటర్ల వెనకాలే ఉంది గనుక నన్ను అందులో వేశారు. అన్న మాత్రం ఇంట్లో ఉండి అవ్వకు నీళ్లు మోసేవాడు, కట్టెలు కొట్టేవాడు, మధ్యాహ్నం బాపుకు సద్ది పట్టుకుని మిల్లు గేటు దాకా పోయేవాడు. తెల్లారి సైరన్‌కు ముందే అవ్వ లేచి జొన్న గట్క పొయ్యి మీద పెట్టేది. బాపు గడపలో కూర్చుని బీడీ కాల్చేవాడు. ఆయన తినేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడితే తిట్టేవాడు కాదు, కొట్టేవాడు కాదు. చెయ్యి కడిగేసుకుని లేచిపోయేవాడు. ఆయన తినకుండా లేస్తే ఆ పూట ఇంట్లో ఎవరమూ తినేది లేదు. మా బాపు శిక్ష వేసే పద్ధతి అది.

వెదురును ముక్కలు చేసే మిషను దగ్గర బాపు పని. ఒకరోజు చలి అని చొక్కా మీద చొక్కా తొడుక్కుని పోయాడు. పొడుగు చేతుల చొక్కా వేసుకుని ఆ మిషను దగ్గరికి పోవద్దని పనిలో చేరినప్పుడే చెప్పారట. ఆయన ఎవరి మాట విన్నాడు గనుక. కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. దవాఖాన నుంచి వచ్చిన రోజు ఆయన నొప్పి గురించి ఒక్క మాట అనలేదు. చెయ్యి పోయినవాణ్ని పనికి పనికిరాడని రాస్తే, ఆ పని కొడుక్కి వస్తుంది, కోటర్ కూడా ఇంటిదే అవుతుంది. కొడుక్కి పద్దెనిమిది నిండాలి, అంతే. అన్నకు పదిహేను. బాపు మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ లెక్కలు వేసుకున్నాడు. కాయితాలకు రెండు నెలల గడువుంది. బడి కాయితం ఊళ్లో ఉండిపోయింది, అది పోయిందని చెప్పొచ్చు. కాయితం లేకపోతే డాక్టరు చూసి వయసు రాస్తాడు. డాక్టరు ముందు మూతి చూస్తాడు.

మర్నాటి నుంచి మా వాకిట్లోకి మంగలి రావడం మొదలైంది. పొద్దున్నే అన్నను గోడకు ఆనుకుని కూర్చోబెట్టి, నూగు కూడా సరిగా రాని పైపెదవి మీద కత్తి పెట్టేవాడు. గీసిన చోట ఆముదం రాయమని బాపు హుకుం. గీస్తే వెంట్రుక మందంగా వస్తుందని ఎవరో చెప్పారు. నెలన్నర పాటు రోజూ గీయించాడు. వారం తిరిగేసరికి పెదవి మీద పొక్కులు లేచాయి. పొక్కుల మీదనే గీసేవాడు మంగలి. పుండవుతుందని కత్తి ఆపితే, "నీది గాదు గదా మూతి, గియ్యి" అనేవాడు బాపు. నెత్తురు కారితే అన్న నాలుకతో తుడుచుకునేవాడు. నేను బడికి పోతూ ఆ గోడ పక్కనుంచే పోయేదాన్ని. నాకు పదకొండేళ్లు. అన్న నన్ను చూసి కన్నుగీటేవాడు. నాకు నవ్వొచ్చేది. ఇంతా చేస్తే మీసం రాలేదు. కాని పెదవి మీది చర్మం నల్లబడి, మొద్దుబారి, దూరంనుంచి చూస్తే పెద్దవాడి మొహంలాగే కనబడింది. డాక్టరు తలెత్తి ఒకసారి చూసి పద్దెనిమిది అని రాశాడట. ఆయన తప్పేం లేదు. పొడుగు చేతులు, నల్లటి మూతి, భయపడని కళ్లు. ఎవరైనా అదే రాసేవాళ్లు.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. కాయితం మీది అబద్ధం కాయితం మీదనే ఉంటుందనుకున్నాం. బాపు దాన్ని ఇంట్లోకి తెచ్చాడు. కోటర్ల మధ్య గోడలు పలుచన, ఎవరి నోట ఏ మాట జారినా పని పోతుంది, కనుక ఆరోజు నుంచి ఇంట్లో కూడా అన్నకు పద్దెనిమిదే. పద్దెనిమిదేళ్లవాడు గోటీలాడకూడదు, చెట్లెక్కకూడదు, చిర్రాగోనె ముట్టకూడదు. ఈడు పిల్లలు వాకిట్లోకి వచ్చి పిలిస్తే బాపు వాళ్లను తరిమేవాడు. అన్న పొలాల అమాసనాడు పుట్టాడు. ప్రతి ఏడూ ఎడ్లకు బొట్లు పెట్టే ఆ రోజున అవ్వ పాయసం వండి, వంటింటి తలుపు వెనక బొగ్గుతో ఒక గీత గీసేది. ఆమెకు తెలిసిన లెక్క అదొక్కటే. మా పాత ఇంటి తలుపు మీది గీతలను కోటర్‌కు వచ్చిన రోజున మళ్లీ గుర్తుపెట్టుకుని గీసింది. ఆ ఏడు పదహారో గీత గీసి అటు తిరిగిందో లేదో, బాపు వచ్చి తన ఎడమచేత్తో బొగ్గు తీసుకుని పక్కన ఇంకో మూడు గీశాడు. వంకరటింకరగా వచ్చాయి. ఆయన తినడానికి కూర్చున్నాక అవ్వ వాటిని చూసి నోరు తెరవబోతే, కంచం ముందునుంచి లేచాడు. ఆరోజు పాయసం కుక్కకు పోశాం.

పిల్లల ఆటలు బందైన పిల్లవాడికి మిగిలినది పెద్దల ఆట. మొదటి షిఫ్టు దిగిన కార్మికులు సాయంత్రం మిల్లు వెనక గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడేవాళ్లు. ముప్పై ఏళ్లవాళ్లు, నలభై ఏళ్లవాళ్లు, పొట్టలున్నవాళ్లు, లుంగీ పైకి కట్టినవాళ్లు. అక్కడికి పోతే బాపు ఏమీ అనలేదు. అది మొగవాళ్ల ఆట. అన్న పదిహేనేళ్ల ఒంటితో వాళ్ల మోచేతుల కింద, మోకాళ్ల కింద నలిగాడు. చిన్నవాడని ఎవరైనా జాలిపడి వదిలేద్దామంటే వాడు చిన్నవాడని ఎవరికీ తెలియదు. వాళ్ల కాళ్లకు దొరక్కుండా బంతిని తీసుకుపోవడం అక్కడ నేర్చుకున్నాడు. తర్వాత పేపర్లవాళ్లు ఆయన ఆట గురించి రాసినప్పుడల్లా, ఎవరికీ అందకుండా జారిపోతాడని రాసేవాళ్లు.

బజారులో ఖాదర్ భాయ్ సైకిల్ షాపు ఉండేది. ఒకప్పుడు హైదరాబాదులో ఆడి, కాలు విరిగి వచ్చి పంక్చర్లు వేసుకుంటున్నవాడు. నాలుగేళ్లు అన్న ఆటను గట్టు మీద నిలబడి చూశాడు, ఒక్క మాట మాట్లాడలేదు. అయిదో ఏడు మొదలవుతుండగా షాపుకు పిలిచి, గోడకు ఒక సైకిల్ టైరు వేలాడదీసి, బంతి అందులోంచి పోవాలన్నాడు. కుడికాలితో వంద, ఎడమకాలితో రెండు వందలు. తన పాత బూట్లు ఇచ్చాడు. అవి పెద్దవైతే ముందు గుడ్డపీలికలు కుక్కి, అడుగున ట్యూబు ముక్కలు అతికించాడు. అన్న రాత్రి షిఫ్టు చేసి వచ్చి, పొద్దున రెండు గంటలు పడుకుని, షాపు వెనక్కి పోయేవాడు. ఆదివారం ఆటయ్యాక ఇంటికొస్తే అవ్వ ఉప్పు మూట వేడిచేసి మోకాళ్లకు కాపడం పెట్టేది. బనీను నేను ఉతికేదాన్ని. చెమట, ఆముదం, సైకిల్ షాపు గ్రీజు, మిల్లు గంధకం, అన్నీ కలిసిన వాసన. నాలుగో తరగతి దాకా వచ్చిన అక్షరాలు అప్పటికే మరిచిపోయిన అన్న, సాయంత్రం దీపం దగ్గర నా పలక తీసుకుని సంతకం నేర్చుకునేవాడు. జీతం తీసుకునే చోట వేలిముద్ర వేయడం ఆయనకు నామోషీ. నేను పైన 'రాజేశం' అని రాస్తే కింద దిద్దేవాడు. 'జే' దగ్గర ఆయన చెయ్యి ఎప్పుడూ తప్పేది. నేను గుడ్లురిమేదాన్ని.

ఖాదర్ భాయ్ హైదరాబాదులో తనకు తెలిసిన ఒక కోచ్‌కు ఉత్తరం రాశాడు. ఇక్కడ పంతొమ్మిదేళ్లవాడు ఒకడున్నాడు, ఒకసారి చూడండి అని. అంతకుముందు అన్నను కూర్చోబెట్టి అసలు వయసెంత అని అడిగాడట. నీ ఎముక చూస్తే తెలుస్తుంది, మిల్లువాళ్లకు తెలియకపోవచ్చు గాని నాకు తెలుస్తుంది అన్నాడట. పంతొమ్మిది అని అన్న నిజం చెప్పాడు. బయటివాళ్లకు నిజం చెప్పడం అదే మొదటిసారి. ఆ నెలలో కోటర్‌కు కవరు వచ్చింది. నేను పదో తరగతిలో ఉన్నాను, బడినుంచి వచ్చేసరికి అవ్వ దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టి ఉంచింది. ఇంట్లో చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. చదివాను. రెండు నెలల క్యాంపు, అందులో నిలిచినవాళ్లకు టీములో చోటు. ఇరవై ఒకటి దాటనివాళ్లే రావాలి. వయసుకు రుజువుగా బడి సర్టిఫికెట్ జతచేసి జవాబు రాయాలి. అన్న మధ్యాహ్నం షిఫ్టులో ఉన్నాడు. బాపు గడపలోనే ఉన్నాడు.

బాపు నన్ను ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడు. తర్వాత చాలాసేపు బీడీ కాల్చాడు. బడి సర్టిఫికెట్ ఊళ్లో ఉంది, తెప్పిస్తే వస్తుంది. అందులో నిజం వయసుంది. ఆ కాయితం ఒకసారి బయటపడితే మిల్లులో అన్న ఎట్లా చేరాడో బయటపడుతుంది. పని పోతుంది, కోటర్ పోతుంది. క్యాంపులో అన్నకు చోటు దొరుకుతుందో లేదో ఎవరికీ తెలియదు. ఇవన్నీ ఆయన నాకు నెమ్మదిగా, ఎంతో మర్యాదగా వివరించాడు. నా జన్మలో ఆయన నాతో అంతసేపు మాట్లాడింది లేదు. ఆఖరికి అన్నాడు: "సదువుకున్నదానివి నువ్వే బిడ్డా, నువ్వే చెప్పు. నిజం రాస్తవా, మనం ఊరికి పోదం. నువ్వు మీ అవ్వతోని నాట్లకు పోతవ్. మిల్లుల రాసింది రాస్తవా, నీ బడి నీకుంటది. నేనేమన్న అంటనా, నీ ఇష్టం."

ఆయన రాయమని చెప్పి ఉంటే ఎంత బాగుండేది. ఇన్నేళ్లూ ఆయన మీద నెట్టేసి బతికేదాన్ని. ఆయన చెప్పలేదు, అడిగాడు. నేను రాశాను. అప్పుడు నాకున్న భయమంతా బురదలో మోకాళ్లదాకా దిగి నిలబడటం గురించే. మా పల్లెలో నా ఈడు ఆడపిల్లల మడమలు ఎట్లా పగిలిపోయి ఉండేవో నేను చూశాను. ఇన్‌లాండ్ కవరు మీద, వంకలేకుండా, పరీక్ష రాసినట్టే రాశాను. నాకు మిల్లు రికార్డు ప్రకారం ఇరవై రెండేళ్లు నిండినవి, తమరు కోరిన వయసులో లేను గనుక రాలేను, నమస్కారములు. కింద 'ఇట్లు' అని రాసి, అన్న సంతకం చేశాను. పోస్టు డబ్బాలో కూడా నేనే వేసి వచ్చాను. అన్న షిఫ్టు దిగి వచ్చి, చేతులు కడుక్కుంటూ, హైదరాబాదు నుంచి ఏమన్నా వచ్చిందా అని అడిగాడు. ఏం రాలేదన్నాను. అవ్వ పొయ్యి దగ్గరనుంచి తలెత్తలేదు. బాపు మాత్రం ఆ పూట రెండుసార్లు కూర అడిగి వేయించుకున్నాడు.

తర్వాత నెల రోజులు అన్న పోస్టుమాన్ కోసం ఎదురుచూశాడు. షిఫ్టు ఏదైనా సరే, సైకిల్ గంట వినబడే వేళకు కోటర్ల మొగదల నిలబడేవాడు. పోస్టుమాన్ దూరంనుంచే చెయ్యి అడ్డంగా ఊపేవాడు. అన్న నవ్వి, జేబులో చేతులు పెట్టుకుని తిరిగొచ్చేవాడు. నేను కిటికీలోంచి రోజూ చూశాను. చెప్పొచ్చు, ప్రతిరోజూ చెప్పొచ్చు. పరీక్షలకు చదువుకోవాలి కదా అని నాకు నేనే చెప్పుకుని ఊరుకున్నాను. నెల తిరిగాక ఒకరోజు ఆయన అక్కడ నిలబడటం మానేశాడు. ఆ సాయంత్రం బజారునుంచి వస్తూ నాకు ఒక ఇంకు పెన్ను తెచ్చాడు. ఆకుపచ్చ పెన్ను, బంగారు రంగు మూత. "మంచిగ రాస్తున్నవ్ గదా చెల్లె. దీంతోని రాయి" అన్నాడు. నేను మురిసిపోయాను. ఆ పెన్నుతోనే పదో తరగతి రాశాను, ఆ పెన్నుతోనే పంతులమ్మ పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నాను.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు మా అన్న మిల్లులో వెదురు మోశాడు, సాయంత్రాలు మిల్లు టీములో ఆడాడు. వయసులో చేయాల్సినది ఆ ఎనిమిదేళ్లలో పోయింది. నాకు చెన్నూరు బళ్లో ఉద్యోగం వచ్చాక, ఒక చిన్న ఇల్లు కిరాయికి తీసుకుని అవ్వను, బాపును నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఇక కోటర్ ఎవరికీ అక్కర్లేదు. ఆ ఏడాదే కరీంనగర్‌లో టోర్నమెంటు జరిగితే మిల్లు టీముతో అన్న పోయాడు. అక్కడ ఆయన ఆట చూసిన హైదరాబాదు క్లబ్బువాళ్లు జీతం ఇచ్చి ఆడించుకుంటామని రమ్మన్నారు. వయసు ముప్పై అని కాయితం చూపించాడు. ముప్పై ఏళ్లవాడు ఇంత పరుగెత్తుతాడా అని వాళ్లు ఆశ్చర్యపోయారట. ఎందుకు పరుగెత్తడు, వాడికి ఇరవై ఏడే. మర్నాడు మిల్లులో రాజీనామా ఇచ్చి, ట్యూబు ముక్కల బూట్లు ఖాదర్ భాయ్ షాపు గోడకు తగిలించి, హైదరాబాదు బండెక్కాడు. నేను స్టేషనుకు పోయాను. అన్న మొహం చూసి సంతోషపడ్డాను, నిజంగానే పడ్డాను. చేసిన పాపం తనంతట తనే చక్కబడిందని అనుకునేంత తెలివితక్కువతనం నాకు ఆ వయసులో ఉండేది.

హైదరాబాదులో రెండేళ్లు, ఆ తర్వాత కలకత్తాలో రెండేళ్లు. జ్వరమొచ్చినా ఆడాడు, మోకాలు వాచినా ఆడాడు. ఒక పేపర్లో ఫొటో పడింది. 'ముప్పై దాటాక మొదలైన ప్రస్థానం' అని పైన పెద్ద అక్షరాలు. చెన్నూరు ఇంటి అరుగు మీద బాపుకు చదివి వినిపించాను. ఆయన మొండిచెయ్యిని ఒళ్లో పెట్టుకుని విన్నాడు. ఆటగాడు అన్న మాట దగ్గర ఏమీ అనలేదు, గోల్స్ దగ్గర ఏమీ అనలేదు. ముప్పై అన్న మాటను మాత్రం మళ్లీ చదవమన్నాడు. "చూసినవా, పేపర్ల గూడ గదే పడ్డది" అన్నాడు, ఎవరితోనో పందెం గెలిచినట్టు. అవ్వ లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు. ఆ చలికాలంలోనే బాపు పోయాడు. కలకత్తానుంచి అన్న మూడోరోజుకు గాని చేరలేకపోయాడు. తలకొరివి పెట్టేందుకు ఆగలేదు ఊరివాళ్లు, పాలివాళ్లే పెట్టారు. అన్న వచ్చి బూడిద ముందు కూర్చుని ఏడవలేదు. పైపెదవిని రుద్దుకుంటూ ఉండిపోయాడు. ఆ అలవాటు ఆయనకు ఇప్పటికీ ఉంది.

రెండో ఏడాది చివర్లో కలకత్తావాళ్లు పంపించేశారు. మోకాలు దెబ్బతిన్నది, బాగుచేయిస్తే ఇంకో మూడేళ్లు ఆడతాడని వాళ్ల డాక్టరే చెప్పాడట. కాని ముప్పై నాలుగేళ్లవాడి మోకాలి మీద ఎవరు ఖర్చు పెడతారు. అదే టీములో ముప్పై ఒకటి నడుస్తున్న ఇంకొకతను ఉన్నాడు. అతనిదీ అదే దెబ్బ. అతని మోకాలు బాగుచేయించి మళ్లీ ఆడించారు. మా అన్నకూ ఆ రోజుకు నిండినవి ముప్పై ఒకటే. బడి సర్టిఫికెట్ ఉంది కదా, చూపించలేకపోయావా అని నేనే ఒకసారి అడిగాను, ఏమీ ఎరగనట్టు. పదహారేళ్లుగా నడుస్తున్న కాయితం మార్చితే ముందు వేసిన సంతకాలన్నీ దొంగవైతాయి కదా అన్నాడు. ముందు కొన్నేళ్లు, వెనక కొన్నేళ్లు, రెండువైపులా కోసేయగా మిగిలిన నాలుగేళ్లను పట్టుకుని లోకం ఆయన్ను ఆటగాడంటున్నది. మేం కలిపిన మూడేళ్ల వల్ల ఆయనకు జరిగిన లాభం ఒకటే. ముసలివాళ్ల పింఛను మూడేళ్లు ముందే వచ్చింది.

ఫారం పట్టుకుని నేను పోయిన ఆదివారం కాగజ్‌నగర్ పోయాను. మిల్లు మూతబడి మళ్లీ తెరిచారు గాని, ఆ వాసన మునుపటిలా లేదు. ఉన్నా నా ముక్కు పట్టలేదేమో. గ్రౌండులో మోకాలెత్తు గడ్డి కోయిస్తున్నారు, పందిరి గుంజలు దింపి ఉన్నాయి. మా కోటర్‌లో ఎవరో ఉంటున్నారు. ఆ వంటింటి తలుపు ఉందో లేదో అడగబుద్ధి కాలేదు. ఇప్పుడు పిల్లలకు పుట్టిన రోజునే కాయితం చేతికొస్తుంది. మూడు రోజులు తేడా వస్తే తల్లిదండ్రులు ఆఫీసు చుట్టూ తిరుగుతారు. అప్పుడు ఒక మనిషి వయసు ఇంటిపెద్ద నోట్లో ఉండేది. ఖాదర్ భాయ్ పోయాక ఆయన షాపు అన్నే నడిపాడు, ఇప్పుడు అక్కడే ముందు బల్ల వేసుకుని కూర్చుంటాడు. పెళ్లి చేసుకోలేదు. మోకాలు మడవడం రాదు గనుక ఎడమకాలు చాపుకునే ఉంటాడు. నన్ను చూసి కుర్చీ జరిపాడు, చాయ్ చెప్పాడు.

ఫారం తీసి టీముల పేర్లు నింపాను. వయసు దగ్గర ఆగిపోయాను. నలభై ఏళ్లకు పైగా దాచుకున్నదాన్ని ఇక దాచలేకపోయాను. చెప్పేశాను. కవరు వచ్చిందని, చదివానని, బాపు అడిగాడని, నేనే రాశానని, నేనే డబ్బాలో వేశానని. ఏడుస్తూ చెప్పాను.  అంతా అయ్యాక అన్న చాయ్ గ్లాసు నావైపు జరిపి అన్నాడు: "ఎరికేనే. ఆ కోచ్ నీ ఉత్తరం ఖాదర్ భాయ్‌కే వాపస్ పంపిండు. అబద్ధాలోణ్ని పంపుతున్నవని తిట్టి పంపిండు. ఇగో, గీ బల్ల మీదనే చూసిన. నా సంతకం నాకన్న మంచిగ ఉండె. 'జే' ఎక్కడ గూడ తప్పలే."

ఆకుపచ్చ పెన్ను ఏ రోజున తెచ్చాడో నాకు అప్పుడు అర్థమైంది. ఇంతకాలం దాన్ని ప్రేమ అనుకుని బీరువాలో దాచుకున్నాను. తెలిసి ఎందుకు ఊరుకున్నావని అడిగాను. సర్టిఫికెట్ తెచ్చుకుని మనమే పోదాం పా అని ఖాదర్ భాయ్ అన్నాడట. తనే వద్దన్నాడట. నా పరీక్షలు దగ్గరికొచ్చాయని, ఇప్పుడు కోటర్ పోతే చెల్లె ఎక్కడ కూర్చుని రాస్తుందని అన్నాడట. ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతులో మంచితనమేమీ లేదు. నిన్న ఎండ ఎక్కువుండె అన్నట్టు చెప్పాడు. మాఫ్ చేసినట్టేనా అన్నా, అని అడిగాను. ఈ వయసులో, ఇంత చదువుకుని, ఆ మాట అడగడానికి నాకు సిగ్గులేకపోయింది.

"మాఫ్ ఏంది? చెయ్యలే" అన్నాడు. "బాపును చేసిన. బాపుకు సదువు రాదు. నువ్వు సదివి రాసినవ్."

తర్వాత కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, ఫారం వైపు చూపించాడు. వాళ్లు శాలువా తెచ్చుకున్నరు, పువ్వు అని అచ్చేసుకున్నరు, వాళ్లను పరేషాన్ చేయకు, కాయితంల ఉన్న వయసే రాయి అన్నాడు. రాశాను. సంతకం చేయమని పెన్ను ఇచ్చాను. పైపెదవి రుద్దుకుంటూ కొంచెంసేపు ఆ గీత వైపు చూశాడు. పెన్ను తిప్పి మళ్లీ నా చేతిలో పెట్టాడు.

"గది గూడ నువ్వే పెట్టు చెల్లె. నీకు అలవాటే గదా."

నేను పెట్టాను. 'జే' ఈసారి కూడా తప్పలేదు.